అత్తయ్య చాలంటే చాలు

కట్టెల ట్రాక్టరు మా పెరట్లోకి వెనక్కి వచ్చి, తొట్టి ఎత్తి, సరుకంతా ఒక్కసారిగా దొర్లించి పోతుంది. పేర్చి ఇవ్వవయ్యా అంటే డ్రైవరు మమ్మల్ని ఎగాదిగా చూసి బండి ఎక్కేస్తాడు. మొద్దులు, చీల్చిన పేళ్ళు, వంకర కొమ్మలు, బెరడు ముక్కలు అన్నీ ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడతాయి. లేచిన దుమ్మంతా నేను ఆరబెట్టుకున్న పచ్చి కుండీల మీదకే వస్తుంది. ఆ దుమ్ము అణిగేదాకా ఎవరం మాట్లాడం. అణిగాక మా అత్తయ్య లేచి, కొంగు బొడ్లో దోపుకుని, కుప్ప చుట్టూ తిరుగుతుంది.

మాది మట్టిపని చేసే ఇల్లు. మొక్కల కుండీలు, నీళ్ళ కూజాలు చేస్తాం. చక్రం మీద మా ఆయన, మా మరిది. ఆరబెట్టడం, బట్టీలో పేర్చడం నా వంతు. కాల్చే రోజు అందరం. మామయ్య పోయాక అత్తయ్య ఒక్కో పనీ వదిలేసింది కానీ, ఈ ఒక్కటీ ఎవరికీ ఇవ్వలేదు. కుప్ప చూసి, అది ఒక బట్టీకి చాలుతుందో చాలదో చెప్పడం.

ఇదేం పెద్ద పనా అనుకోకండి. బట్టీ ఒకసారి అంటించాక మధ్యలో ఆపడానికి లేదు. సరిగ్గా చివర్లో, మంట బాగా పట్టాల్సిన వేళకి కట్టె అయిపోయిందంటే లోపలున్నదంతా సగం కాలి ఊరుకుంటుంది. చూడ్డానికి ఎర్రగానే ఉంటాయి. నీళ్ళు పోశాక మెల్లగా మెత్తబడి, మట్టి మళ్ళీ మట్టైపోతుంది. అప్పటికప్పుడు రమ్మంటే ట్రాక్టరు రాదు. కాబట్టి ఎంతుందో ముందే తెలియాలి.

పేర్చి కొలుచుకోవచ్చుగా అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. నేను దర్జీ కూతుర్ని. మెడలో టేపు లేకుండా మా నాన్నని చూసిన గుర్తు లేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి, "ఇదంతా గోడవారగా పేర్చి పొడుగూ ఎత్తూ కొలిస్తే సరిపోదా అత్తయ్యా" అన్నాను. అత్తయ్య నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"పేర్చడానికి ఒక రోజు. మళ్ళీ దాన్ని పీకి బట్టీ దగ్గరకి మోయడానికి ఒక పూట. ఆ గోడ దగ్గర నీ కుండీలు ఆరాలి, వాటినేం నెత్తిన పెట్టుకుంటావా?" అంది. "పేర్చినదాన్ని దారినపోయేవాడు కూడా చెబుతాడే, దర్జీవాళ్ళ పిల్లా. పడేసినదాన్ని చెప్పాలి."

కోపం వచ్చినా, ముద్దొచ్చినా నేను దర్జీవాళ్ళ పిల్లనే. ఏది ఎప్పుడో గొంతుని బట్టి తెలుసుకోవాలి.

తర్వాత తర్వాత ఆవిడే నేర్పాలని చూసింది. కుప్పని చూడొద్దట, సందుల్ని చూడాలట. ఎత్తుగా నిలబడ్డ కుప్పని అసలు నమ్మకూడదట, అడుగున రెండు మొద్దులు అడ్డం పడితే చాలు, అది ఊరికే ఛాతీ విరుచుకుని నిలబడుతుందట. చతికిలబడి పరుచుకున్న కుప్పలోనే సరుకు ఎక్కువట. వంకర కొమ్మలు ఎక్కువైతే ఇంకో లెక్క. నేను బుద్ధిగా తల ఊపేదాన్ని. నాకు మాత్రం ఏ కుప్ప చూసినా కట్టెలే కనిపించేవి. సందులు చూడ్డమేమిటో, లేనిదాన్ని చూసి ఉన్నదాన్ని చెప్పడమేమిటో నా బుర్రకెక్కలేదు. పైగా అవసరమూ రాలేదు. అత్తయ్య చాలంటే చాలు, చాలదంటే చాలదు. ఏళ్ళ తరబడి అంతే.

ఆ తర్వాత ఆవిడ కంట్లో శుక్లం వచ్చింది. ఒక కంటికి ఆపరేషను చేయించాం కానీ చూపు అనుకున్నంత రాలేదు. రెండోది ఇంకా ముదరాలన్నారు. అత్తయ్య మాత్రం తనకి అన్నీ బ్రహ్మాండంగా కనిపిస్తున్నాయనే చెప్పేది. ఒకరోజు తాడు మీద ఆరేసిన మా మరిది చొక్కాని పట్టుకుని, "ఎంతసేపు అలా నిలబడతావురా, వచ్చి తిని చావు" అని కసిరింది. చొక్కా ఎంతకీ కదలకపోయేసరికి విషయం అర్థమై, మేం చూశామేమోనని అటూ ఇటూ చూసింది. మేం చూడనట్టు నటించాం. నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

అది జరిగిన కొన్నాళ్ళకే ఒక బట్టీ పోయింది. కట్టె చివర్లో తక్కువ పడింది. కూజాలన్నీ పచ్చిగానే మిగిలాయి. కట్టె తడిసి ఉందని, తడి కట్టె సగం తన తడి ఆర్చుకోవడానికే సరిపోతుందని అత్తయ్య అంది. వాన పడ్డ మాటా నిజమే. కానీ ఆవిడ ఆ మాట చెబుతుంటే మా ఆయన నేలచూపులు చూశాడు, మా మరిది గోడచూపులు చూశాడు. ఎవరూ ఆవిడ ముందు నోరు మెదపలేదు. వెనకాల మాత్రం మా ఆయన నాతో, "అమ్మ కన్ను పోయింది" అన్నాడు. ఆయన అన్నది కట్టెల లెక్క గురించేనని నాకు తెలుసు.

ఇప్పుడు చెప్పబోయేది దాని తర్వాతి బట్టీ గురించి. నర్సరీ ఆయన పెద్ద కుండీలు చేయమన్నాడు. ఇవి కూడా పోతే ఇక ప్లాస్టిక్కే తెప్పించుకుంటానని మొహం మీదే చెప్పాడు. వారాల తరబడి చేసినవన్నీ బట్టీలో పేర్చాం. మా నడుములు మా దగ్గర లేవు. అప్పుడొచ్చి పడింది ట్రాక్టరు సరుకు.

అత్తయ్య చుట్టూ తిరిగింది. ఎప్పుడూ తిరిగినంతసేపు తిరగలేదని నాకనిపించింది. ఒకచోట ఆగి కళ్ళు చికిలించింది. ఇంకోచోట కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మా వైపు తిరిగి, "చాలు" అంది.

"సరే అమ్మా" అన్నాడు మా ఆయన.

"సరే" అన్నాడు మా మరిది.

నేనూ సరే అన్నాను. మాటకి మాట అననిదే నాకు పొద్దు గడవదని ఈ వీధిలో అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం ఎంత మెత్తగా అన్నానో! అత్తయ్య మా మొహాల వైపు ఒక్క క్షణం చూసి లోపలికెళ్ళి పడుకుంది.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఈసారి తప్పితే నర్సరీ పోతుంది, అది ఎలాగో సర్దుకుంటాం. కానీ ఆవిడ మాట పోతుంది. రెండోసారి తప్పాక ఇక ఆవిణ్ణి ఎవరూ కుప్ప దగ్గరకి పిలవరు. ఆ పని కూడా పోయాక అత్తయ్య ఈ ఇంట్లో ఒక మూల కూర్చునే మనిషైపోతుంది. అది నేను చూడలేను. అందుకని మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుండగా పళ్ళ కొట్టు వెనక్కి వెళ్ళి, విరిగిన పెట్టెల చెక్కలు అడిగి తెచ్చాను. రెండు విడతలుగా మోసి, కుప్ప వెనకవైపు నుంచి లోపలికి తోసేశాను. పైన నాలుగు కొమ్మలు లాగి కప్పాను. మంచి పని చేశాననే అనుకున్నాను. ఆవిడ మాట నిలబెట్టాను కదా!

తెల్లవారుతుండగా బట్టీ అంటించాం. ముందు సన్నమంట. కుండీల్లోని చెమ్మ తెల్లటి ఆవిరై పోయేదాకా తొందరపడకూడదు. ఆ తర్వాత కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. మా మరిది బట్టీ నోటి దగ్గర, మా ఆయన మోత. అత్తయ్య కాస్త దూరంగా పీట వేసుకుని కూర్చుంది. వేడి మొహానికి తగిలే తీరుని బట్టి, "ఇక మొద్దులు వెయ్", "ఆగు, ఊపిరి పీల్చుకోనీ" అని చెబుతోంది. పక్కింటి లాండ్రీ ఆవిడ గోడ మీంచి తొంగి చూసి, మా పొగకి తన దుప్పట్లన్నీ నల్లబడుతున్నాయని ఎప్పటిలాగే తిట్టి వెళ్ళింది. పొద్దు వాలే వేళకి లోపలంతా ఒకటే నారింజరంగు. కుండీకీ కుండీకీ తేడా తెలియడం లేదు. "చాలు, నోరు ముయ్యండి" అంది అత్తయ్య. మా ఆయన బట్టీ నోటికి ఇటుకలు పేర్చి బురద మెత్తాడు.

అప్పుడు చూశాం. కుప్ప ఇంకా మిగిలి ఉంది. చారెడో దోసెడో కాదు, పెరట్లో ఒక మూలంతా.

మా మరిది ఈల వేశాడు. మా ఆయన నవ్వుతూ, "అమ్మా, నీ చాలు అంటే చాలే. ఇంకా మిగిలింది కూడా" అన్నాడు. అత్తయ్య నవ్వలేదు. పీట మీద నుంచి లేచి, మిగిలినదాని దగ్గరకి వెళ్ళి వంగింది. ఒక ముక్క తీసి తడిమి పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది, ఇంకోటి. చివరికి చేతులు దులుపుకుంది.

"ఇక మీదట మీరే చూసుకోండి" అంది. "పేర్చి కొలుచుకుంటారో, ఏం చేస్తారో మీ ఇష్టం. నన్ను పిలవద్దు."

లోపలికెళ్ళి మూతి ముడుచుకుని మంచం మీద అటు తిరిగి పడుకుంది. తినడానికి రమ్మన్నా రాలేదు.

మేం ముగ్గురం వంటగదిలో కూర్చున్నాం. కంచాల్లో అన్నం కెలుకుతున్నాం. "లెక్క తప్పిందని బాధపడుతోంది" అన్నాడు మా ఆయన. "తక్కువ పడ్డా తప్పే, ఇంత మిగిలినా తప్పే కదా. ఒకప్పుడు చంకెడు కంటే ఎక్కువ మిగిలేది కాదు."

మా మరిది నీళ్ళు నమిలాడు. "అది కాదన్నయ్యా. నేను కోత మిల్లు నుంచి కొన్ని చెక్కపేళ్ళు తెచ్చి పడేశాను. సాయంత్రం అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు."

"నువ్వూనా?" అన్నాను నేను.

"నువ్వూనా అంటే? నువ్వు కూడానా వదినా?"

నేను పళ్ళ పెట్టెల సంగతి చెప్పాను. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని, అప్పుడు మా ఆయన వైపు తిరిగాం. ఆయన కంచంలో ఏదో వెతుకుతున్నాడు.

"పాత పాక దూలం ఉంది కదా," అన్నాడు కంచంతోనే. "విరిగి పడి ఉంది. ఊరికే పుచ్చిపోతుందని కొట్టి వేశాను. ఎందుకైనా మంచిదని."

మా మరిదికి నవ్వు ఆగలేదు. నాకూ వచ్చింది. కట్టెలు దొంగిలించినవాళ్ళున్నారు గానీ, ఒకరికి తెలియకుండా ఒకరు దొంగల్లాగా తెచ్చి పడేసినవాళ్ళం మేమే అయి ఉంటాం. నవ్వుతూ నవ్వుతూనే నాకు వెలిగింది. ముగ్గురం కలిపినదంతా ఒక చోట వేసి చూస్తే ఎంతవుతుంది? ఆ మూలలో మిగిలినదంత. అటూ ఇటూగా అంతే. అంటే అత్తయ్య లెక్క తప్పలేదు. సరిగ్గా సరిపోయింది. మేం దాన్ని తప్పులా కనిపించేట్టు చేశాం. ఇప్పుడు ఆ ముసలావిడ తన కన్ను నిజంగానే పోయిందనుకుని అటు తిరిగి పడుకుంది.

"చెప్పొద్దు," అన్నాడు మా ఆయన. "చెబితే మనం నమ్మలేదని తెలుస్తుంది."

"చెప్పకపోతే తన కన్ను తప్పిందనుకుంటుంది," అన్నాను నేను.

"రెండింట్లో ఏది నయం?"

ఆయన అడిగింది నిజమే. కానీ తప్పు చేసినవాళ్ళం మేమై, తప్పు తనదనుకుని ఆవిడ పడుకోవడం నాకు మింగుడు పడలేదు. లేచి చేతులు కడుక్కుని వెళ్ళాను.

"అత్తయ్యా, లేవండి. మీ లెక్క తప్పలేదు. మిగిలిందంతా మేం తెచ్చి కలిపిందే."

"తెలుసు" అంది అటు తిరిగే.

ఆవిడ లేచి కూర్చుని అరచెయ్యి చాపింది. బొటనవేలి కింద ఎర్రటి గీత.

"పెట్టె చెక్కలు నీవి. మేకులు పీకే ఓపిక కూడా లేదు నీకు. రంపం కోత పేళ్ళు చిన్నోడివి. ఆ దూలం పెద్దోడిది. దాని కిందే కూర్చుని మీ మామయ్యా నేనూ పని చేశాం. నా చేతికి ఆ మాత్రం తెలియదా?"

"తెలిసీ మరి నన్ను పిలవద్దని ఎందుకన్నారు?"

"ముగ్గురూ మూడు వైపుల నుంచి చాటుగా మోసుకొచ్చాక ఇంకా నేను చెప్పేదేముందే?"

నాకు ఉక్రోషం వచ్చింది. "మీ మాట పోకూడదని తెచ్చాం! మీరంటే లెక్కలేక కాదు" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"నిలబడే మాటైతే ఊతకర్ర ఎందుకు? నిలబడని మాటైతే మొహం మీదే చెప్పాలి."

ఆవిడ అరచేతి గీతని కొంగుతో ఒత్తుకుంది. తర్వాత ఆవిడ గొంతు మారింది.

"నిజం చెప్పనా? నిన్న నాకు సరిగా కనిపించలేదు. ఎండ కుప్ప వెనకాల ఉంది. ఒక పక్కంతా నల్లటి ముద్ద. ఒక్క సందు కనిపిస్తే ఒట్టు. ఏదో అలవాటు కొద్దీ చాలు అనేశాను. ఈసారి కుదిరింది, అంతే."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా!"

"ఎలా చెప్పను? అన్నాక మీ మొహాలు చూశాను. ఒక్కరన్నా, అదేంటి, ఇంకోసారి చూడు అంటారేమోనని. మీ మామయ్య అయితే అనేవాడు. ఆయన నాతో కుప్ప దగ్గర పోట్లాడకుండా ఒక్క బట్టీ అంటించలేదు. నీ మొహం, నీకేం కనిపించిందే అనేవాడు. నేను నాలుగు తిట్టి మళ్ళీ చూసేదాన్ని. ఒక్కోసారి నాదే తప్పయ్యేది. మీరేమో సరే అన్నారు. అన్నీ తెలిసి, చంటిపిల్లకి చెప్పినట్టు సరే అన్నారు. నువ్వు కూడా. ఊరందరి మీదా అరుస్తావు, నిన్న నీ నోరేమైంది?"

ఆవిడ పక్కన కూర్చున్నాను. ఏడుపొచ్చింది. ఆవిడ చూసిందో లేదో, చూసినా తుడవలేదు. ఆవిడకి అలాంటివి చేతకావు.

నర్సరీ కుండీలు బాగా కాలాయి. వేలితో కొడితే కంగుమన్నాయి. ఆయన సంతోషించి మళ్ళీ చేయమన్నాడు. మళ్ళీ బట్టీ నిండింది, ట్రాక్టరు వచ్చి దొర్లించింది, దుమ్ము లేచింది, అణిగింది. అత్తయ్య గదిలోంచి కదల్లేదు. వెళ్ళి పిలిస్తే రానంది. చెయ్యి పట్టుకుని లాగితే తిట్టింది. తిడుతూనే వచ్చింది.

చుట్టూ తిరిగింది. ఆవిడ వెనకే నేనూ తిరిగాను. ఇన్నేళ్ళలో మొదటిసారి కట్టెల్ని వదిలేసి, వాటి మధ్యనున్న చీకట్లని చూడ్డానికి ప్రయత్నించాను. ముందువైపు పేళ్ళు దగ్గర దగ్గరగా పడి ఉన్నాయి. వెనకవైపు వంకర కొమ్మలు ఒకదాన్నొకటి ఎత్తిపట్టుకుని ఉన్నాయి.

"చాలు" అంది అత్తయ్య.

మా ఆయన నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి సరే రాకముందే నేను అందుకున్నాను.

"చాలదు. వెనకంతా బోలుగా ఉంది. ఇంకోసారి చూడండి."

"నీకేం తెలుసే, దర్జీవాళ్ళ పిల్లా! టేపు పట్టుకునే చేతులకి కుప్ప సంగతి ఏం తెలుసు?"

"తెలియకే చూడమంటున్నా! నాదే తప్పైతే తర్వాత తిట్టండి."

"తర్వాతెందుకు, ఇప్పుడే తిడతాను" అని మొదలుపెట్టింది. నేనూ తగ్గలేదు. మా ఆయన మధ్యలోకి రాబోయి ఇద్దరి చేతా తిట్లు తిని పక్కకి జరిగాడు. లాండ్రీ ఆవిడ పని మానేసి గోడ దగ్గర నిలబడింది. తిట్టుకుంటూనే అత్తయ్య వెనకవైపుకి నడిచింది. కళ్ళు చికిలించి చూసింది. చూపు ఆనకపోయేసరికి, వంగి కొమ్మల మధ్య చెయ్యి పెట్టింది. చెయ్యి మోచేతిదాకా పోయింది. భుజందాకా పోయింది. ఏదీ అడ్డం తగల్లేదు.

చెయ్యి బయటికి తీసుకుని, రవికె మీద పడ్డ బెరడు దులుపుకుంది.

"తప్పు చెప్పాను," అంది అందరికీ వినిపించేట్టు. "రెండు మోపులన్నా తక్కువ. చిన్నోడా, ట్రాక్టరువాడు సందు చివర టీ తాగుతుంటాడు, వెళ్ళిపోకముందే ఇంకాస్త తెమ్మని కేకెయ్యి."

మా మరిది పరిగెత్తాడు. ఇంటి పెద్దావిడ లెక్క తప్పినందుకు మా ఆయన మొహం వెలిగిపోతోంది. నా మొహమూ అలాగే ఉండి ఉంటుంది. అత్తయ్య మాత్రం ఇంకా రుసరుసలాడుతూనే ఉంది. నా పక్క నుంచి పోతూ ఆగి, నాకొక్కదానికే వినిపించేట్టు అంది.

"పోయినసారే ఇలా అరిచి ఉండాల్సింది కదే, పిచ్చిదానా. ఎంత భయపడ్డానో తెలుసా?"